మొక్కు ఆయనది, కాళ్లు నావి

మొక్కింది మా ఆయన. నడవాల్సింది నేను. ఇంతకంటే అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

రజాకార్ల రోజుల్లో మా వాడకు నిప్పంటుకున్నప్పుడు నేను కోళ్ల కోసం ఉరుకుతుంటే మా ఆయన పాపయ్య జొన్నచేలో దాక్కున్నాడు. ఈ గండం గట్టెక్కితే నా పెండ్లాం పెంటమ్మ నీ కొండకు కాలినడకన వస్తదని అక్కడ కూర్చుని శ్రీశైలం మల్లన్నకు మొక్కాడట. తన పేరు కాదు, నా పేరు! ఇదేందని అడిగితే, "నాకు మోకాళ్ల నొప్పులు గదనే" అన్నాడు. నేనేమన్నా లేడిపిల్లనా? సూర్యాపేట అంగడికి పోయి వచ్చేలోపు రెండు చోట్ల కూలబడే ఒళ్లు నాది. తన ప్రాణం కోసం నా కాళ్లు తాకట్టు పెట్టాడని కోపం నాకు.

పోనీ ఎగ్గొడదామంటే భయం. మొక్కు తీర్చకపోతే మొక్కినవాడి మీదికే వస్తుందని మా అత్త ఎప్పుడూ అనేది. మొగుడు ఎంత గడుసువాడైనా మొగుడే. ఆయన్ను పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.

శివరాత్రికి మిర్యాలగూడ నుంచి ఒక గుంపు శ్రీశైలం నడిచి పోతుందని తెలిసి, వాళ్లకు దారి చూపించే లచ్చిరాం దగ్గరికి పోయాను. అతను నల్లమల అడవంతా తిరిగినవాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"అక్కా, అడవిల ఎవ్వరు ఎవ్వర్ని మొయ్యరు. జర గుట్టలెక్కి కాళ్లు గట్టి చేసుకో. ఉండ్రుగొండ గుట్ట కొస దాక ఎక్కితెనే తోలుకపోత. లేకుంటె లేదు."

అట్లా మొదలైంది మా గుట్టలెక్కుడు. మా అంటే నేను, నా స్నేహితురాళ్లు ఉప్పలమ్మ, ఏసమ్మ. ఉప్పలమ్మ కూడా శ్రీశైలం వస్తానంది. మనిషి జొన్నకట్టె, మాట ముల్లుకర్ర. ఏసమ్మ ఆదివారం చర్చికి పోయే మనిషి, మల్లన్నతో ఆమెకేం పనిలేదు. అయినా "నువ్వు పడితే లేపేటందుకు ఒకరుండాలె గద" అని వచ్చేది.

వారానికోసారి కోదాడ బస్సెక్కి ఉండ్రుగొండ దగ్గర దిగేవాళ్లం. దారిలో మోయాల్సిన గొంగడి, సద్దిమూట, నీళ్లచెంబు అన్నీ అప్పటినుంచే నా నెత్తికెత్తేది ఉప్పలమ్మ. "ఇప్పుడు మొయ్యకుంటె అడవిల ఏం మోస్తవ్?" అనేది. ఏసమ్మ వెనక నుంచి నడుం మీద చెయ్యేసి నెట్టేది. ఉప్పలమ్మ శివా అంటూ, ఏసమ్మ ప్రభువా అంటూ, నేను మా ఆయన్ను తిట్టుకుంటూ ఎక్కేవాళ్లం. ఎవరి జపం వాళ్లది.

ఒకసారి జారి ముళ్లకంపలో పడ్డాను. ఉప్పలమ్మ నవ్వి నవ్వి బండ మీద కూలబడింది. ముళ్లు తీస్తూ తీస్తూ ఏసమ్మ కూడా నవ్వింది. ఇక నాకూ ఆగలేదు. పెళ్లయినాక అంతగా నవ్వింది ఆ గుట్ట మీదనే. వాళ్లిద్దరంటే నాకు పంచప్రాణాలు.

పోయిన ప్రతిసారీ ఇంకొంచెం పైకి పోయేదాన్ని. కానీ కొసకు ముందు ఒక నిట్టనిలువు బండ ఉంది. దాని దగ్గరికి రాగానే నా మోకాళ్లు వణికేవి, వెనక్కి తిరిగేదాన్ని.

గుంపు బయలుదేరే వారం వచ్చింది. ఇక అదే ఆఖరుసారి. ఆ రోజు మా ఆయన కూడా కర్ర పట్టుకుని మూలుగుతూ మా వెంట ఎక్కాడు. బండ దగ్గర నేను రెండుసార్లు ప్రయత్నించి, జారి, అక్కడే చతికిలబడ్డాను.

"వద్దులేవే. దిగుదాం పా. నాకేమైతదో అయితది," అన్నాడు మా ఆయన.

ఒళ్లు మండిపోయింది. "ఏమైతదో అయితదా? గా మాట జొన్నచేల ఎందుకు అనుకోలేదు? నీ పానం కోసం నా కాళ్లెందుకు తాకట్టు పెట్టినవ్?"

ఆయన కర్రతో నేల గీకుతూ నిలబడ్డాడు. "నా పానం కోసం ఎవరు మొక్కిన్రే?"

"మరి?"

"కోళ్లను తెద్దామని నువ్వు మళ్ల ఇంట్లకు ఉరికినవని ఎవరో అరిసిన్రు. చేలకెల్లి సూస్తె ఇంటికప్పు మండుతున్నది. ఉరికొద్దామంటె నడుమల తుపాకులోళ్లు. స్వామీ, అది తన కాళ్ల మీద తాను నడుసుకుంట బయటికొస్తె, గవే కాళ్లతోటి నీ కొండకు వస్తదని మొక్కిన. నా కాళ్లతోటి వస్తనని ఎట్ల మొక్కుత? నేను అడిగింది నీ కాళ్లనే గద."

ఎప్పుడూ నోరు మూయని ఉప్పలమ్మ అటు తిరిగి నిలబడింది. ఏసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మరి గిన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తె నెత్తికెక్కి కూసుంటవ్."

"నేను బయటికి రాకపోయుంటె?"

ఆయన గీకుడు ఆపి కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇగ దేవునితోటి నాకేం పని?" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లు ఈ మనిషినా నేను తిట్టుకున్నది అనిపించింది. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి లేచాను. "ఈడనే కూసో. ఆ మోకాళ్లేసుకోని కదిలినవో, సూడు!" అని గదమాయించి, బండకు రెండు చేతులూ ఆనించాను. కాళ్లు వణికాయి. వణికితే వణికాయని ఎక్కాను.

కొసకు పోయి కిందికి చూశాను. ఆయన కూర్చోలేదు. మెడ పైకెత్తి, నా కాళ్లనే చూస్తూ నిలబడి ఉన్నాడు.