సూదులు కదలని కోడలు

పొద్దున్నే టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తగానే అత్తగారు చేసే మొదటి పని టీ పెట్టడం. అది గొంతులో పడితేగానీ కటింగ్ మాస్టారి చేతిలో కత్తెర ఆడదు. కాజాలు కుట్టే కోడలికి మాత్రం ఇంకాస్త చిక్కగా పెట్టి, ఐరన్ మాత్ర చేతికిచ్చి, "వేడివేడిగా మింగెయ్యమ్మా, తుప్పు వాసన తెలీదు" అంటూ దగ్గరుండి మింగించేది. ఒక్కరోజు మరిచిపోతే ఒట్టు.

ఆ షాపులో ఎవరు కడుపుతో ఉన్నా, ఐదో నెల వచ్చేసరికి బల్లమీది గుండుసూదులు పాక్కుంటూ వాళ్ళ వైపు పోతాయి. సాయంత్రం బట్టలకు పట్టుకున్నవి ఏరి డబ్బాలో వేసి ఇంటికెళ్ళడం మామూలే. కోడలికి ఏడో నెల వచ్చింది. సూదులు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి.

"వీటికి కళ్ళజోడు పెట్టించాలి," అన్నారు మాస్టారు. ఎవరూ నవ్వలేదు. కోడలు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది, అరచేతులు పాలిపోయాయి.

ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ చూసి పెదవి విరిచింది. "రక్తం ఎనిమిది దాటలేదు. ఇలాగే ఉంటే కాన్పులో కాస్త ఎక్కువ పోయినా తట్టుకోలేదు. మాత్రలు వేసుకుంటోందా?"

"నేనే దగ్గరుండి మింగిస్తున్నాను," అంది అత్తగారు పౌరుషంగా.

ఆ వారమే గ్యాస్ అయిపోయింది. టీ లేదు. కోడలు మొహం చిట్లించుకుంటూ మంచినీళ్ళతోనే మాత్ర వేసుకుంది. నాలుగో రోజుకి సూదులు బల్ల మధ్యదాకా వచ్చాయి. ఐదో రోజు గ్యాస్ వచ్చిన సంబరంలో అత్తగారు ఒకటికి రెండు గ్లాసుల టీ పెట్టింది. కోడలు మాత్ర నోట్లో వేసుకుని ఒక గుటక వేసిందో లేదో, సూదులన్నీ వెనక్కి తిరిగి డబ్బా దారి పట్టాయి.

అత్తగారు సూదుల వంక చూసింది, గ్లాసు వంక చూసింది. ఉన్నపళంగా చెప్పులేసుకుని నర్సమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యో, టీతో వేస్తున్నారా? టీ తోడైతే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదమ్మా. రెండింటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. మాత్ర నిమ్మరసంతో వేసుకోమనండి."

తిరిగొచ్చి కోడలి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "నీ నోటి దగ్గర కూడు నేనే లాగేశానే తల్లీ!"

"ఊరుకోండత్తయ్యా. మీ పోరు లేకపోతే ఆ మాత్రలు ఎప్పుడో కిటికీలోంచి గిరాటేసేదాన్ని."

తొమ్మిదో నెలకల్లా, కోడలి బట్టల మీది సూదులు ఏరలేక అందరూ విసుక్కున్నారు. రక్తం పదిన్నర దాటింది.

కాన్పు కష్టమే అయింది. లేబర్ రూమ్ బయట అత్తగారు కూర్చోమన్నా కూర్చోలేదు. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి చేతులు చాపమంటే చాపలేదు. ఆడో మగో అడగలేదు.

"నా కోడలెలా ఉంది?"

"రక్తం బాగానే పోయింది. అయినా తట్టుకుంది. మిమ్మల్నే అడుగుతోంది."

అప్పుడు చాపింది చేతులు.