మెలిక విప్పాక

అక్క పని ఎలుకలతో. మందుల పరిశోధనశాలలో వాటి అండాశయాలను మెలిపెట్టి, రక్తం ఆపి, మళ్లీ విప్పేది. రక్తం ఆగితే కణాలు కొన్ని చస్తాయి. విప్పగానే ఆ రక్తమే ఒక్కసారిగా దూకి, మిగిలినవాటినీ బతకనివ్వదు. ఆ రెండో దెబ్బ తగలకుండా ఆమె ఒక పిచ్చిమొక్క ఆకుల నుంచి తీసిన మందు ఎక్కించి చూసేది. మందు పడ్డ ఎలుకల్లో అండాశయం చెక్కుచెదరకుండా కనిపించేది.

ఆమె ఈ పనిలోకి వచ్చిందే చెల్లెలి కోసం. చదువుకునే రోజుల్లోనే చెల్లెలికి కుడివైపు అండాశయం మెలిపడి, నల్లబడిపోతే తీసేశారు. ఇప్పుడు పెళ్లయి, మిగిలిన ఆ ఒక్కదాని మీదే ప్రాణాలు పెట్టుకుని పిల్లల కోసం చూస్తోంది.

ఒక మధ్యాహ్నం మరిది ఫోన్ చేశాడు. "వదినా, పొద్దుట్నుంచీ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. గ్యాస్ అని సూది వేసి ఇంటికి పంపించేశారు."

"ఏ వైపు నొప్పి?"

"ఎడమ."

మిగిలింది ఆ వైపుదే. "పెద్దాసుపత్రికి తీసుకెళ్లు, నేనొస్తున్నా" అంది.

ఆమె వెళ్లేసరికి స్కానింగ్ అయిపోయింది. అనుమానించినట్టే ఎడమ అండాశయమూ మెలిపడింది. ఆపరేషన్ గది బయట స్ట్రెచర్ మీద చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ ఆకు మందు ఇవ్వక్కా."

"అది ఎలుకలకే తల్లీ. మనుషులకి ఇంకా ఎవరూ ఇవ్వలేదు."

"నేనూ ఎలుకనే అనుకో."

ఆ నొప్పిలోనూ నవ్వబోయింది పిచ్చిది. మందు సీసా పరిశోధనశాల ఫ్రిజ్‌లో ఉంది, పక్క వీధిలోనే. అక్క సిగ్గు విడిచి సర్జనమ్మను అడిగింది.

"మీకు తెలియనిదేముంది? నా చెల్లెలికి ఇమ్మని మిమ్మల్ని అడిగితే మీరిస్తారా?" అందామె మెత్తగానే.

అక్క తలుపుకు అడ్డం తప్పుకుంది.

సర్జనమ్మ మెలిక విప్పి, నల్లగా ఉన్నా తీసెయ్యకుండా వదిలింది. "రంగు చూసి ఆశ వదులుకోకూడదు. కోలుకోవచ్చు" అంది. చెల్లెలు ఆ మాటనే పట్టుకుని వేలాడింది. ఒంట్లో ఏ చిన్న నలత కలిగినా అక్కకు ఫోన్ చేసి, "ఇది మంచి లక్షణమేనా?" అని అడిగేది. అక్క "ఊఁ" అనేది.

నెలలు గడిచాక మళ్లీ స్కానింగ్ తీశారు. అండాశయం ఎండు ద్రాక్షలా ముడుచుకుపోయింది. అందులో అండాలేవీ మిగల్లేదన్నారు. మరిది కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చెల్లెలు ఏడవలేదు.

"అక్కా, నీ మందు తిన్న ఎలుకలు పిల్లల్ని పెట్టాయా?"

"అంతదాకా ఉంచం. విప్పిన కాసేపటికే చంపి, కోసి చూస్తాం."

"మరి బాగయ్యాయని ఎలా తెలుసు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్లు లేరు. ఆమె పై అధికారి కాళ్లావేళ్లా పడి, కొన్ని ఎలుకలను బతకనిచ్చే అనుమతి తెచ్చుకుంది. రెండు వైపులా మెలిపెట్టి, సగానికి మందిచ్చి, విప్పి, గాయాలు మానాక మగవాటితో కలిపింది. రోజూ తలుపు తియ్యగానే కోటు కూడా వేసుకోకుండా పంజరాల దగ్గరికే పోయేది. పొట్టలు తడిమేది.

ఒక్కటీ చూడి కట్టలేదు. మందివ్వని వాటికీ, ఇచ్చిన వాటికీ తేడా లేదు.

"పోనీ, పరిశోధన పత్రంలో కణాలు బాగున్నాయన్నంతవరకే రాద్దాం. అది అబద్ధం కాదుగా" అన్నాడు పై అధికారి.

అబద్ధం కాదు. ఆమె తలూపి వచ్చేసింది.

ఆ సాయంత్రం చెల్లెలింటికి వెళ్లింది. చెల్లెలు ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. అక్క రెండో కొస పట్టుకుంది.

"కట్టలేదు" అంది.

"తెలుసు. కట్టుంటే ఫోన్‌లోనే చెప్పేదానివి" అంది చెల్లెలు. "గట్టిగా లాగి పట్టుకో, ముడతలు పడుతున్నాయి."