అద్దం మీద రాసిన టైము

స్కెల్‌బీ రన్‌వే మీద కార్ల పందెం ఉన్న ఆదివారం ఎడ్గర్ లోమాక్స్ పొద్దున్నుంచి ఏమీ తినడు. పాలు లేని టీ ఒక కప్పు తాగుతాడు, అంతే. కడుపులో పడ్డ రొట్టెముక్క కూడా బండి మొయ్యాల్సిన బరువే అని అతని లెక్క. ట్యాంకులో పెట్రోలు పావువంతు. ముందు టైర్లలో గాలి ప్రతిసారీ ఒకే కొలత. జేబులో చిల్లరా ఇంటి తాళాలూ తీసి పనిముట్ల పెట్టెలో వేసి, ఆ పెట్టెను గడ్డి మీద దించేస్తాడు. ఊరి బడితో పదిహేనో ఏట చదువు ఆపేసి, నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. కొలవగలిగిన వాటినే నమ్ముతాడు.

అతని బావమరిది క్లిఫర్డ్, వేపిన పంది మాంసం పెట్టిన రొట్టె నములుతూ వచ్చాడు. గడ్డం మీద సాసు కారుతోంది.

"ఏం బావా, ఇంకా ఉపవాసమేనా? ఒక్క ముక్క కొరుకు. దీనికే బండి ఆగిపోదులే."

"నువ్వు తిను. నీది ఎలాగూ ఏనుగు. ఇంకో పావుకిలో ఎక్కినా దానికి తెలీదు."

"పద్నాలుగు సెకన్లలో పావుమైలు పోయే ఏనుగును ఎక్కడన్నా చూశావా?"

"పోతుంది, ఎవరు కాదన్నారు? తిన్నగా పోతుంది. సంతకెళ్ళి రెండు బస్తాల బంగాళాదుంపలు వేసుకు రమ్మను, చూద్దాం."

"మనిషి అన్నవాడు రోజూ బంగాళాదుంపలు మొయ్యడు బావా."

"రోజూ పావుమైలు కూడా పరిగెత్తడు."

క్లిఫర్డ్ నవ్వాడు. ఎడ్గర్ నవ్వలేదు. క్లిఫర్డ్ మాటకు అతను నవ్వి రెండేళ్ళయింది.

క్లిఫర్డ్‌ది నల్ల సెడాన్. పొడుగ్గా, నున్నగా ఉంటుంది. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను పట్టుకుంటాయి. పచ్చదీపం వెలగ్గానే బాణంలా పోతుంది. లోపల తోలు సీట్లు, కిటికీ మూస్తే గాలి చప్పుడు కూడా వినపడదు. ఎడ్గర్‌ది ఎర్ర హ్యాచ్. చిన్న ఒంట్లో పెద్ద ఇంజను కూరిన రకం, పంతొమ్మిదేళ్ళ పాతది. ఇంజను బలమంతా ముందు రెండు చక్రాలకే పోతుంది కాబట్టి క్లచ్ కొంచెం తొందరపడి వదిలితే అవి నిలుచున్నచోటే తిరిగి పొగ కక్కుతాయి. అందుకే మొదటి ఇరవై గజాలు దానికి చావు. ఆ తర్వాత బాగానే పోతుంది. వెనక తలుపు పైకెత్తి, సీట్లు మడిస్తే దూడను కూడా ఎక్కించవచ్చు. ఒకసారి ఎక్కించారు కూడా.

నిజానికి ఆ బండి ఎడ్గర్‌ది కాదు, అతని భార్య నోరీన్‌ది. పొద్దున బడిపిల్లలకు వంట చేసి, సాయంత్రం అదే బండిలో రొట్టెలపిండి, ఉల్లిపాయలు వేసుకొచ్చేది. ఆదివారం ఇక్కడికొచ్చి మగవాళ్ళను ఓడించేది. తోలేది ఆమె. ఎడ్గర్ ఇంజను చూసుకునేవాడు. ఇంటికి పోయేటప్పుడు ఎడమవైపు సీట్లో కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ బండి వెనక భాగంలో ఒక చక్రాల కుర్చీ ఉంది. మడిచి, రెండు పట్టీలతో నేలకు బిగించి ఉంది. అది అక్కడికెలా వచ్చిందో స్కెల్‌బీలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఆసుపత్రివాళ్ళు నోరీన్‌ను ఇంటికి పంపేసిన రోజున హ్యాచ్‌కు క్లచ్ మార్చాల్సి వచ్చి, ఇంజను విప్పి ఉంది. క్లిఫర్డ్ సెడాన్ తెచ్చాడు. గంట ఆలస్యంగా తెచ్చాడు. కుర్చీ డిక్కీలో పట్టలేదు. డిక్కీ లోతుగానే ఉంది గాని నోరు ఇరుకు. వెనక సీట్లో పెడదామంటే అక్కడ నోరీన్‌ను పడుకోబెట్టారు. "రేపొచ్చి తీసుకుపోదాంలే బావా" అన్నాడు క్లిఫర్డ్. కుర్చీని ఆసుపత్రి వసారాలో వదిలేశారు. ఆ రేపు రాలేదు. ఎడ్గర్ క్లచ్ బిగించడం ముగించి, తనే పోయి కుర్చీ తెచ్చేసరికి నాలుగో రోజు. ఆ మూడు రోజులూ నోరీన్ మంచం మీదనుంచి పైకప్పు చూస్తూ పడుకుంది. కిటికీ దగ్గరికి తీసుకుపొమ్మని రెండుసార్లు అడిగింది. నాలుగో రోజు అడగడానికి ఆమె లేదు.

కుర్చీని అతను బండిలోంచి దించలేదు. ఎందుకు దించలేదని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేవాడు కాడు. ఎవరూ అడగలేదు.

ఈరోజు పందెం ఆ బండి కోసమే. క్లిఫర్డ్ కూతురు టామ్సిన్‌కు పంతొమ్మిదేళ్ళు, డ్రైవింగు పరీక్ష ప్యాసైంది. "నా తర్వాత ఈ బండి నీదే" అని నోరీన్ మేనకోడలికి మాటిచ్చిందట. ఆ మాట తను వినలేదని ఎడ్గర్ రెండేళ్ళుగా అంటున్నాడు. విన్నాడు. అప్పుడతను వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. క్లిఫర్డ్ అడిగి అడిగి విసిగిపోయి, చివరికి క్లబ్బులో అందరి ముందూ అన్నాడు. "పందెం కాద్దాం బావా. నేను గెలిస్తే పిల్లకు బండి ఇచ్చెయ్. నువ్వు గెలిస్తే ఇంక చచ్చేదాకా అడగను." ఎడ్గర్ సరేనన్నాడు. అడగడం ఆగిపోవాలని అతనికి ఉంది.

స్కెల్‌బీ పందెంలో చిన్న బండి కూడా పెద్ద బండిని గెలవచ్చు. ఎవరి టైము వాళ్ళు ముందే తెల్లరంగుతో పక్క కిటికీ అద్దం మీద రాయాలి. రెండు టైములకూ ఎంత తేడా ఉంటే, నిదానమైన బండికి పచ్చదీపం అంత ముందు వెలుగుతుంది. ఎవరు ముందు గీత దాటితే వాళ్ళదే గెలుపు. ఒకటే షరతు. రాసినదానికంటే వేగంగా పోతే ఓడినట్టే. లేకపోతే ప్రతివాడూ తన బండి నత్త అని రాసుకుంటాడు.

కాబట్టి ఇక్కడ గెలిచేది వేగమున్నవాడు కాదు, తన బండి ఎంతో తెలిసినవాడు. ఆ సంగతిలో ఎడ్గర్‌ను మించినవాడు లేడు.

పొద్దున బళ్ళు తనిఖీ చేసే ముసలి గోస్లింగ్ హ్యాచ్ వెనక తలుపెత్తి, ఎప్పటిలాగే కుర్చీని రెండు చేతులతో కుదిపి చూశాడు. వదులుగా ఉన్న వస్తువుతో ఎవరినీ గీత మీదికి రానివ్వడు.

"బిగించావా?"

"బిగించా."

"కాలు పెట్టుకునే రేకు టకటకలాడుతోందిరా."

"అది ఊడదు."

గోస్లింగ్ చీటీ మీద సంతకం పెట్టాడు.

భోజనాలకు ముందు ఎడ్గర్ మూడుసార్లు ఒంటరిగా తోలి చూసుకున్నాడు. పదిహేను సెకన్ల నలభై నాలుగు. నలభై మూడు. నలభై ఐదు. అద్దం మీద 15.40 అని రాశాడు. కొంచెం కూడా అనుమానం లేదు. క్లిఫర్డ్ 14.05 రాశాడు.

మధ్యాహ్నం గోస్లింగ్ రన్‌వే పక్కనున్న పాత విమానాల టవరు మెట్లు దిగుతూ మోకాలు మెలిక పడి కూలబడ్డాడు. టామ్సిన్ పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, గోస్లింగ్ తాత లేవలేకపోతున్నాడు. అంబులెన్సేమో అటు చివర ఉంది. ఎత్తుకెళ్తామంటే బూతులు తిడుతున్నాడు. మన బండిలో కుర్చీ ఉంది కదా... తీసుకెళ్ళనా?"

మన బండి అంది. ఎడ్గర్ ఆ మాట విన్నాడు. టవరు వైపు చూశాడు. ముసలాయన మెట్టు మీద కూర్చుని, సాయానికొచ్చినవాళ్ళను టోపీతో అదిలిస్తున్నాడు.

"తీసుకెళ్ళు. పట్టీలు లాగకు, ఎర్ర మీట నొక్కు."

ఆమె కుర్చీ దించి, విప్పి, గడ్డి మీద దొర్లించుకుంటూ పోయింది. రెండేళ్ళ తర్వాత ఆ చక్రాలు తిరిగాయి. ఎడ్గర్ కాసేపు చూసి, వెనక తలుపు మూసి, టైర్లలో గాలి మళ్ళీ కొలిచాడు.

నాలుగు గంటలకు పిలుపొచ్చింది. క్లిఫర్డ్ హ్యాచ్ పక్కనుంచి నడుస్తూ వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని తన బండి వైపు వెళ్ళిపోయాడు.

రెండు బళ్ళూ గీత మీదికొచ్చాయి. ఎడ్గర్‌కు పచ్చదీపం ముందు వెలిగింది. క్లచ్ మెల్లగా వదిలాడు. చక్రాలు ఒక్కసారి కీచుమని నేలను పట్టుకున్నాయి. రెండో గేరు. పక్కన సెడాన్ ఇంకా కదల్లేదు. తర్వాత కదిలింది. ఆ మోత వీపు మీద తెలిసింది.

మూడో గేరు వేశాక ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు. ఆ గేరులో వెనకనుంచి రేకు టకటకలాడాలి. రెండేళ్ళుగా ప్రతిసారీ ఆడింది. ఇప్పుడు లేదు.

కుర్చీ లేదు.

రొట్టె తినలేదు, జేబులో చిల్లర తీసేశాడు, పంతొమ్మిది కిలోల ఇనుము మాత్రం దింపి పంపించేశాడు. అది బరువన్న సంగతే అతనికి తట్టలేదు. ఇంకా మూడు సెకన్ల దారి ఉంది. కాలు కొంచెం ఎత్తితే చాలు, రాసిన టైముకు సరిపోతుంది. ఎత్తితే సెడాన్ దాటిపోవచ్చు, దాటకపోవచ్చు. అంతవరకూ లెక్క స్పష్టంగానే ఉంది. కుడివైపు కిటికీలో నల్ల ముక్కు కనిపించింది. అది క్లిఫర్డ్ బండి. మళ్ళీ ముందుకు పోతోంది, ఆరోజు నోరీన్‌ను వేసుకుని కుర్చీని వదిలేసి పోయినట్టే.

ఎడ్గర్ కాలు ఎత్తలేదు. అర బండి ముందుగా గీత దాటాడు.

బోర్డు మీద 15.34 పడింది. దాని పక్కన ఎర్రదీపం.

బళ్ళు నిలిపే చోట క్లిఫర్డ్ దిగి వచ్చాడు. ముఖంలో గెలిచిన కళ లేదు.

"బావా, నేను చూశాను. కుర్చీ లేదని నాకు తెలుసు. చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"ఇది లెక్కలోకి రాదులే. మళ్ళీ తోలుదాం. క్లబ్బువాళ్ళకు నేను చెప్తా."

"రాసింది నేను. తోలింది నేను. మళ్ళీ ఏం తోలేది?"

"అంత మొండి ఎందుకు బావా? రెండేళ్ళయింది. ఆరోజు సంగతి..."

"ఆరోజు సంగతి ఎత్తకు. అది వేరే పద్దు. దానికి పందెం లేదు."

క్లిఫర్డ్ తల వంచుకున్నాడు. టామ్సిన్ కుర్చీ తోసుకుంటూ వచ్చింది. గోస్లింగ్‌ను అంబులెన్సు ఎక్కించారట. ఎక్కేముందు కూడా ఎవరినో తిట్టాడట. ఎడ్గర్ పనిముట్ల పెట్టె తెరిచి, ఇంటి తాళాలు జేబులో వేసుకుని, బండి తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తండ్రి వైపు చూసింది.

"మామయ్యా, మీరు ఇంటికెలా వెళ్తారు?"

"మా బండిలో దింపుతా" అన్నాడు క్లిఫర్డ్ తొందరగా. కుర్చీ మడిచి సెడాన్ డిక్కీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అడ్డంగా పెట్టి చూశాడు. నిలువుగా తిప్పాడు. చక్రం నాలుగు వేళ్ళ మందాన బయటే నిలిచింది. ఒళ్ళు వంచి నెట్టాడు. చొక్కా చెమటతో తడిసింది. ఎడ్గర్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. సాయం చెయ్యలేదు, వద్దని కూడా అనలేదు. అక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరే వేరే వైపు తిరిగారు.

చివరికి టామ్సిన్ వచ్చి తండ్రి చేతిలోంచి కుర్చీ తీసుకుంది. హ్యాచ్ వెనక తలుపెత్తి ఒక్క ఊపులో లోపల పెట్టేసింది. పట్టీలు బిగించింది. ఎర్ర మీట గుర్తుంచుకుంది.

"ఎక్కండి మామయ్యా."

ఎడ్గర్ వెళ్ళి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. క్లిఫర్డ్ కిటికీ దగ్గరికొచ్చి ఏదో అనబోయాడు. ఎడ్గర్ అద్దం పైకెత్తాడు. 15.40 అనే తెల్ల అంకెలు వాళ్ళిద్దరి మధ్యకు లేచాయి.

టామ్సిన్ క్లచ్ ఠక్కున వదిలింది. బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ ఆగింది.

"మెల్లగా వదులు. దీనికి తొందర పనికిరాదు" అన్నాడు ఎడ్గర్.

మూడోసారికి కదిలింది. బీట్‌రూట్ చేల మధ్య దారిలో ఆమె మూడో గేరు వేసింది. వెనక రేకు టకటకలాడటం మొదలుపెట్టింది.

గేటు దగ్గర ఆమె బండి ఆపింది. "కుర్చీ దించి లోపల పెట్టనా?"

ఎడ్గర్ దిగి తలుపు మూశాడు. కిటికీ మీది అంకెలను చొక్కా చేతితో తుడిచాడు. అవి పూర్తిగా పోలేదు.

"ఉండనీ. నీ టైము నువ్వు రాసుకునేటప్పుడు దాని బరువు కలుపుకో."