బ్రేకు నొక్కితే దీపం ఆరే బండి

ఆయన అసలు పేరు కాలేజీ రిజిస్టర్లో తప్ప మరెక్కడా మిగల్లేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పాడు. ఏ ప్రశ్న అడిగినా ముందు బోర్డు మీద ఓమ్ సూత్రం రాసి అక్కణ్నుంచి మొదలుపెట్టేవాడు. దాంతో పిల్లలు ఓమ్ సారు అన్నారు. వీధిలోకి కొత్తగా దిగినవాళ్ళు ఆ పిలుపు విని, ఈయనెవరో పెద్ద భక్తుడనుకుని కొన్నాళ్ళు చేతులు కట్టుకుని మాట్లాడేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.

రిటైరయ్యే రోజున ఏం కావాలో కోరుకోమంటే, వర్క్‌షాపు వెనక షెడ్డులో తుప్పు పట్టి పడున్న అరవై ఏళ్ళనాటి మోటారుసైకిలు కోరుకున్నాడు. దాన్ని ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్న ప్రిన్సిపాలు, కడుపు కోసి ఇస్తున్నంత బాధ నటించి మరీ ఇచ్చేశాడు.

బండి ముందుగదిలోకి వచ్చింది. భోజనాల బల్ల వంటింట్లోకి వెళ్ళింది. మూడు నెలలు సారు ఆ బండిని విప్పాడు, తోమాడు, రంగేశాడు. ఒకటి కాదు, అయిదు పూతలు. ఫ్రేముకి, మడ్‌గార్డులకి, హెడ్‌లైటు గిన్నెకి, ఆఖరికి సన్న కుంచె పెట్టి బోల్టు కన్నాల లోపల కూడా. చేత్తో ముట్టుకుంటే మరక పడుతుందని ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి చూపించేవాడు.

భార్య ఆసుపత్రిలో పెద్ద నర్సు. డ్యూటీ దిగి వచ్చి ఆ ఎర్రటి మెరుపు చూసి, "పెళ్ళయిన కొత్తలో మన గది గోడలకి ఒక్క పూత వేసి ఇంక చాలన్నారు," అంది.

"గోడలు కదలవు. ఇది నలుగురిలో తిరిగేది," అన్నాడు సారు.

ఆ నలుగురూ పాత బళ్ళ సంఘంవాళ్ళు. ఆదివారం ఉదయం ఊరేగింపు ఉంది. బయల్దేరేముందు ప్రతి బండికీ లైట్లు, హారన్ పరీక్ష చేస్తారు. మంగళవారం మధ్యాహ్నం సారు బ్యాటరీ బిగించి, భార్యని ఎదురుగా కూర్చోబెట్టి, స్విచ్చి వేశాడు. హెడ్‌లైటు వెలిగింది, నిద్రమొహంతో. బ్రేకు నొక్కాడు. హెడ్‌లైటు ఆరిపోయింది. హారన్ నొక్కాడు. హారన్ కుయ్యిమనలేదుగానీ, స్పీడు చూపించే మీటర్లో చిన్న దీపం ముచ్చటగా వెలిగింది.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకోటి నొక్కండి. వంటింట్లో లైటు వెలుగుతుందేమో చూసొస్తాను."

సారుకి ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుని, సంఘంవాళ్ళ ఫోన్ గ్రూపులో లక్షణాలన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. పది నిమిషాల్లో నలభైమంది వైద్యులు తయారయ్యారు. ఒకాయన బ్యాటరీ మార్చమన్నాడు. మార్చాడు. ఇంకొకాయన బల్బులన్నాడు. అవీ మార్చాడు. ఒక రిటైర్డు మేజిస్ట్రేటు, డైనమో పోయిందని తీర్పు చెప్పేసి, విదేశాల్నించి తెప్పిస్తే తప్ప లాభం లేదన్నాడు. ఇంతవరకూ పాత బండే కొనని మరొకాయన, అసలు ఆ మోడలే అంత, అమ్మేయండి అన్నాడు.

సారు తలుపులు వేసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. బుధవారం సాయంత్రానికి పద్నాలుగు కాగితాలు గోడకెక్కాయి. బొమ్మ ప్రకారం అన్ని దీపాలూ వెలగాలి. వెలగట్లేదు. తప్పు బండిదేనని సారు నిర్ధారణకి వచ్చాడు.

"తమ్ముణ్ని పిలవనా?" అంది భార్య.

సారు వినిపించనట్టు పెన్సిలు చెక్కుకున్నాడు.

తమ్ముడంటే మూడు వీధుల అవతల ఆటో ఎలక్ట్రికల్ షాపువాడు. ఊళ్ళో లారీలన్నీ వాడి గుమ్మం ముందే వరస కడతాయి. సారు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అతను ఆయన విద్యార్థి. ప్రాక్టికల్ పరీక్షలో బల్బు వెలగకపోతే అందరూ బొమ్మలు గీస్తూ కూర్చున్నారు. ఇతను మాత్రం వైరు చివర బొటనవేలి గోటితో గీకి వెలిగించేశాడు. ‘పద్ధతి పాటించలేదు’ అని రాసి సారు రెండు మార్కులు తక్కువేసి ఫెయిల్ చేశాడు. కుర్రాడు కాలేజీ మానేసి షాపు పెట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆ కుర్రాడి అక్కనే సారు పెళ్ళి చేసుకున్నాడు. అప్పట్నుంచి బావాబావమరుదుల మధ్య ఎండల గురించి, వానల గురించి తప్ప ఇంకో మాట నడవలేదు.

గురువారం, భార్య డ్యూటీకి వెళ్ళాక, సారు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి తిరిగి ఫోన్ తీశాడు.

"ఏమోయ్, నా స్నేహితుడొకడికి చిన్న సందేహం."

"చెప్పండి బావగారూ."

"అతగాడి దగ్గరో పాత బండి ఉంది. బ్రేకు నొక్కితే హెడ్‌లైటు ఆరిపోతోందిట. హారన్ కొడితే మీటరు దీపం వెలుగుతోందిట. కారణం నాకు తెలుసనుకో. నువ్వేమంటావో చూద్దామని."

అవతల స్పానరు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మీ స్నేహితుడు ఈమధ్య బండికి రంగేమైనా వేశాడా?"

"వేసి ఉండొచ్చు."

"ఎన్ని పూతలు?"

"అయిదని విన్నాను."

"శుభ్రంగా వేశాడా?"

"అద్భుతంగా వేశాడు!" అనేసి నాలిక్కరుచుకున్నాడు సారు.

"అయితే గీకమనండి. ఎర్త్ అందట్లేదు. కరెంటు తిరిగి బ్యాటరీకి రావడానికి ఫ్రేమే కదా దారి. రంగు మీద బోల్టు బిగిస్తే దారి మూసుకుపోతుంది. పాపం అది పక్క బల్బులోంచి దూరి పోవాలని చూస్తుంది. అందుకే ఒకటి నొక్కితే ఇంకోటి వెలగడం."

"గీకడమా!" అని సారు ఫోన్ పెట్టేశాడు.

అయినా మనసు ఊరుకోలేదు. ఒక వైరు ముక్క తీసి, ఒక కొస బ్యాటరీ ఎర్త్ మొనకి చుట్టి, రెండో కొస హెడ్‌లైటు బల్బు హోల్డరుకి తాకించాడు. గదిలో పట్టపగలే ఎదుటి గోడ మీద తెల్లగా వెలుగు పడింది. బ్రేకు నొక్కాడు. వెలుగు చెక్కు చెదరలేదు. వైరు తీశాడు, నీరసించింది. పెట్టాడు, లేచి కూర్చుంది. పద్నాలుగు కాగితాల్లో ఒక్కదాంట్లోనూ సారు రంగు గీయలేదు.

తెలిసిపోయింది. అయినా గీకడానికి చెయ్యి రాలేదు. శుక్రవారమంతా బండి ఎదురుగా కుర్చీ వేసుకుని, అన్నం సయించక, అలాగే కూర్చున్నాడు.

శనివారం పొద్దున్నే బావమరిది పనిముట్ల సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల అక్క. ఎవరు పిలిచారో అడగాల్సిన పని లేదు.

"మీ స్నేహితుడి బండి కూడా ఇంత ఎర్రగానే ఉంటుందా బావగారూ?"

"ఇంచుమించు."

బావమరిది నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి చూశాడు. "రంగు మాత్రం ఎవరూ ఇలా వెయ్యలేరు. మా షాపుకి వచ్చే కొత్త బళ్ళకి కూడా ఉండదు," అన్నాడు. తర్వాత బ్యాటరీ దగ్గర ఎర్త్ బోల్టు విప్పి, చిన్న చాకు తీశాడు.

"ఎంత మేర?" అని అడిగాడు సారు, ఆపరేషను గది బయట నిలబడ్డవాడిలా.

"బొటనవేలి గోరంత. ఇక్కడొకటి, హెడ్‌లైటు గిన్నె కింద ఒకటి, వెనక దీపం దగ్గర ఒకటి. అన్నీ బోల్టుల కిందే. పైకెవరికి కనిపిస్తుంది?"

"నాకు కనిపిస్తుంది."

బావమరిది చాకు ఆపాడు. దాన్ని తిప్పి, పిడి బావ వైపు పెట్టాడు. "అయితే మీరే గీకండి."

భార్య టార్చి పట్టుకుంది. సారు మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, తన అయిదు పూతల్ని తనే ఒక్కొక్కటీ దాటుకుంటూ కిందకి వెళ్ళాడు. ఇనుము తెల్లగా తేలింది. మూడు చోట్లా అయ్యాక బోల్టులు బిగించి, స్విచ్చి వేశాడు. హెడ్‌లైటు నిండుగా వెలిగింది. బ్రేకు నొక్కితే వెనక దీపం ఎర్రబడింది. హారన్ కొడితే, పక్కింటివాళ్ళు కిటికీ తీసి తిట్టారు. సారుకి ఆ తిట్లు చెవికింపుగా ఉన్నాయి.

"ఆ రోజు పరీక్షలో..." అని ఏదో మొదలుపెట్టాడు.

"ఎండలు బాగా ముదిరాయి బావగారూ," అన్నాడు బావమరిది చేతులు తుడుచుకుంటూ. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

ఆదివారం పరీక్షలో బండి నెగ్గింది. సంఘంవాళ్ళు చుట్టూ మూగి రహస్యం చెప్పమన్నారు. సారు గొంతు సవరించుకుని, బోర్డు కోసం అలవాటుగా అటూ ఇటూ చూసి, ఎక్కడా కనపడక, "రంగు గీకాను," అన్నాడు. "మా బావమరిది గీకమన్నాడు."

అందరి మొహాలూ వాడిపోయాయి. ఇంత పెద్ద జబ్బుకి చాకుతో వైద్యమంటే ఎవరికి గిడుతుంది? గీకడం తాత్కాలికమేననీ, డైనమో మారిస్తేనే శాశ్వతమనీ ఆ సాయంత్రమే మేజిస్ట్రేటుగారు గ్రూపులో రాశారు. ముప్ఫై ఎనిమిది మంది బొటనవేళ్ళు ఎత్తారు. సారు కోపంగా రెండు పేజీల జవాబు రాసి, మళ్ళీ మొత్తం చెరిపేసి, షాపు నంబరు పెట్టి, ‘ఇతన్ని అడగండి, నాకు తెలిసినవాళ్ళలో ఇతనే దిట్ట’ అని మాత్రం పంపాడు.

బుధవారం మధ్యాహ్నం బావమరిది నుంచి ఫోన్ వచ్చింది.

"బావగారూ, మీ సంఘంవాళ్ళవి మూడు బళ్ళొచ్చాయి. మూడింటికీ ఇదే జబ్బు. ఒక్కరికీ గీకడానికి మనసొప్పట్లేదు. మేజిస్ట్రేటుగారైతే బండిని వాటేసుకుని వదలట్లేదు. కాస్త వచ్చి మీరు నచ్చజెప్పాలి."

సారు చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుంటూనే వీధిలోకి వచ్చేశాడు.