రెండో బేస్ మీద కూర్చున్నవాడు

నేను ఒక రెండో బేస్‌ని. మా బడి ఆటల మాస్టారు పరంధామం బతికున్నన్నాళ్ళూ ఆయన్ని క్షమించను. పోయాక ఆలోచిస్తాను.

బేస్‌బాల్ చూడనివాళ్ళకి ముందు నేనెవరో చెప్పాలి. మైదానంలో నాలుగు మూలలుంటాయి. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, మూడు బేస్‌లు తొక్కి, బయల్దేరిన మూలకే తిరిగొస్తే ఒక పరుగు. అందులో రెండో బేస్ నేను. గుంతకల్లులో లారీ సీట్లు కుట్టే హుసేన్ పీరా, మిగిలిపోయిన టార్పాలిన్ ముక్కలో కొబ్బరి పీచు కూరి నన్ను కుట్టాడు. సీటయ్యుంటే ఏ డ్రైవరో దులిపి మరీ కూర్చునేవాడు. నేను తొక్కించుకోడానికి పుట్టాను. చదువంటారా, బడి మైదానం దాకానే. గది గడప నన్నెవరూ దాటనివ్వలేదు. అయినా కూడికలు వచ్చు.

మా జట్టులో ఇద్దరు మొనగాళ్ళు. ప్రతాప్ కొడితే బంతి గోడ దాటేది. అప్పుడు నాలుగు మూలలూ పెళ్ళికొడుకులా తీరిగ్గా తిరిగొచ్చేవాడు, నా మీద మడమ కూడా సరిగ్గా ఆనించకుండా. సోమ్లా నాయక్ అంత దూరం కొట్టలేడు. మొదటి బేస్ దాకా చేరేవాడు. ఆ తర్వాత బంతి విసిరేవాడి చెయ్యి కదిలిందో లేదో, ఎవరూ కొట్టకుండానే, నా వైపు ఉరికేవాడు. ఆటలో దాన్ని దొంగతనం అంటారు. దుమ్ములో పొట్టమీద జారుకుంటూ వచ్చి నన్ను వాటేసుకునేవాడు. పుట్టాక నన్ను కావలించుకున్న మనిషి వాడొక్కడే.

రాష్ట్ర జట్టుకి మా నుంచి ఒక్కరే పోవాలి. ఆ సర్టిఫికెట్ ఉంటే క్రీడల కోటాలో ఉద్యోగం. అది రాకపోతే ప్రతాప్‌కి వాళ్ళ నాన్న రైస్ మిల్లుంది. సోమ్లాకి అద్దె ఆటో ఉంది.

మాస్టారు లెక్క తీశాడు. చెరి యాభై సార్లు బ్యాటు పట్టినప్పుడు, బ్యాటుతో సంపాదించిన బేస్‌లు ఎన్ని? ప్రతాప్‌వి ముప్పై ఐదు, సోమ్లావి ఇరవై.

"దొంగిలించినవి పద్దెనిమిది ఉన్నాయి కదా సార్?" అన్నాడు సోమ్లా.

"వాటిని బ్యాటు కొట్టిందా?"

"కాళ్ళు కొట్టినాయి సార్."

"అయితే కాళ్ళ పోటీకి పో నాయనా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పద్దెనిమిదీ నా మీద జరిగినవే. కలిపితే ముప్పై ఎనిమిది. దొంగిలించబోయి దొరికిపోయినవి రెండు తీసెయ్యండి, ముప్పై ఆరు. నేను మొండిదాన్నే గాని అబద్ధమాడను: ప్రతాప్ కొడితే ముందు బేస్‌ల మీదున్న వాళ్ళు కూడా బయల్దేరిన మూలకి చేరతారు, సోమ్లా దొంగిలిస్తే వాడొక్కడే కదులుతాడు. మాస్టారు ఆ మాట అనుంటే నోరు మూసుకునేదాన్ని. ఆయన అనలేదు. సగం మనిషిని తూకం వేసి, తేలిపోయాడన్నాడు.

మర్నాడు ప్రాక్టీసులో సోమ్లా మళ్ళీ ఉరికాడు. నన్ను అందుకున్నాడు. లేవలేదు. బాసింపట్టు వేసుకుని నా మీదే కూర్చున్నాడు.

"లేయ్‌రా, ఆట ఆగిపోయింది!" మాస్టారు అరిచాడు.

"నా దొంగతనాలన్నీ లెక్కలో రాయి సార్, లేస్తా."

ప్రతాప్ బంతి తెచ్చి వాడి భుజానికి తాకించాడు, వీపుకి తాకించాడు, ఆఖరికి నెత్తికి.

"ఎన్నిసార్లు ముట్టుకుంటావ్ బ్రదర్?" అన్నాడు సోమ్లా. "బేస్ మీదున్నా. నేను ఔట్ కాను."

కాడు. బంతి తాకితే ఔటయ్యేది బేస్ వదిలినవాడే. నా మీద ఉన్నంతసేపు వాణ్ని ఎవడూ ఔట్ చెయ్యలేడు. నేను మనిషికి ఇచ్చే భరోసా అదొక్కటే, అది ఏ మాస్టారి పెన్నూ కొట్టేసేది కాదు. పీచంతా బిగబట్టి మోశాను.

పరంధామం రాయలేదు. రాస్తే రాష్ట్ర జట్టుకి పంపే పేరు ప్రతాప్ నుంచి సోమ్లాకి మార్చాలి మరి! వచ్చి మేకులు పీకి, నన్నే లాగేశాడు. సోమ్లా దుమ్ములో దొర్లాడు గాని నన్ను వదల్లేదు.

"దాన్ని కూడా తీసుకుపో," అన్నాడు మాస్టారు. సాయంత్రానికి నా చోట తెల్లటి రబ్బరు బేస్ దిగింది.

ఇప్పుడు నేను ఆటోలో డ్రైవరు సీటుని. ప్రతాప్ గారు ఉద్యోగంలో ఉన్నారట, సంతోషం. బడి మైదానం పక్కగా పోయినప్పుడల్లా సోమ్లా హారన్ గట్టిగా కొడతాడు. బేస్ ఊడొచ్చిందని ఎవర్నీ ఔట్ ఇవ్వరు. వాడింకా నా మీదే ఉన్నాడు.

ఆ మైదానంలో నేను పోగొట్టుకున్న నేల: పదిహేను అంగుళాల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు.