క్రేన్ మీది మనిషి

ఆమె ఇంట్లోనే కిటికీ పరదాలు కుట్టేది. మిషన్ ముందు కూర్చుంటే ఎదురుగా ఇళ్ల కప్పులు, వాటి వెనకాల కడుతున్న పెద్ద భవనం, దాని నెత్తిన ఒక పసుపు క్రేన్ కనిపించేవి. ఆ క్రేన్ నడిపేది ఆమె భర్తే. పెళ్లయినప్పటినుంచీ అతను ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక క్రేన్ మీదే ఉన్నాడు. ఇంట్లో అందరూ అతన్ని ‘గాలిమనిషి’ అని పిలిచేవాళ్లు.

కొన్నాళ్ల కిందట ఒక సాయంత్రం అతను ఇంటి మెట్లెక్కుతూ ఎక్కుతూ గోడ పట్టుకుని కూలబడిపోయాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

“ఏం లేదే, కళ్లు తిరిగాయంతే,” అన్నాడు. మంచినీళ్లు తాగి పడుకున్నాడు. మర్నాడు ఏమీ జరగనట్టే అన్నం డబ్బా తీసుకుని పనికి వెళ్లిపోయాడు.

ఆమెకు మాత్రం ఆరోజునుంచీ ఒకచోట కాలు నిలవలేదు. రెండు కుట్లు వేసి తలెత్తేది. క్రేన్ చెయ్యి తిరుగుతుంటే ఊపిరి తీసుకునేది, ఆగితే లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. అంత దూరానికి ఆ క్యాబిన్ అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. కళ్లు చికిలించి చూసి చూసి తలనొప్పి తెచ్చుకునేది. అంచు కుట్టాల్సిన చోట మధ్యలో కుట్టి, విప్పి, మళ్లీ కుట్టేది. సాయంత్రం అతను వచ్చాక అడిగేది.

“ఇవాళ ఎలా ఉంది?”

“పైన గాలి బాగా కొట్టింది. అంతే.”

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ‘చూద్దాంలే’ అనేవాడు. మనిషిలో మునుపటి హుషారు లేదు, అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తుండేవాడు. చివరికి ఆమె దుర్భిణి కొనాలని నిర్ణయించుకుంది. దగ్గరగా చూస్తే మనసు కుదుటపడుతుందనుకుంది.

తోడుకి వదినగారిని పిలిచింది. భర్తకి అక్క ఆమె. సిటీ బస్సు నడుపుతుంది. ఆరోజు సెలవు.

“దుర్భిణి దేనికే నీకు?” బజారుకి నడుస్తూ అడిగింది వదిన.

“పిట్టల్ని చూద్దామని.”

“పిట్టలా? కాకికీ పావురానికీ తేడా తెలీనిదానివి!”

ఆమె నడక పెంచింది. వదిన ఆయాసపడుతూ వెనకబడింది.

దుకాణదారు పెద్దమనిషి. తీరుబడిగా మాట్లాడతాడు. గల్లాబల్ల మీద మూడు దుర్భిణులు పెట్టాడు. “మరీ చవకవి కొంటే ఒకటి రెండుగా కనిపిస్తుంది, తలనొప్పి. మరీ ఖరీదైనవి మీకక్కర్లేదు. ఇవి మూడూ మధ్యరకం. ఇది ఎనిమిది రెట్లు దగ్గర చేస్తుంది, ఇది పది, ఇది పన్నెండు. ఇంతకీ ఏ పిట్టలు చూస్తారు?”

“ఎత్తుమీద... ఒక్కచోటే కూర్చునేవి.”

“ఏది నప్పుతుందో కొట్లో నిలబడి తేల్చలేం. పైకి రండి,” అని వాళ్లని మేడ మీదికి తీసుకెళ్లాడు.

మేడ మీదికి రాగానే ఆమె కళ్లు క్రేన్‌ని వెతుక్కున్నాయి. ఇంటి కిటికీ కన్నా ఇక్కడికి దగ్గరే. ఆమె చెయ్యి నేరుగా పన్నెండు రెట్లదాని మీదికే వెళ్లింది. ఎక్కువున్నదే మేలు కదా అనుకుంది. అది బరువుగా ఉంది. కళ్లకు ఆనించుకోగానే లోకమంతా గజగజలాడింది. క్రేన్ ఇనుప కడ్డీలు ఎగిరెగిరి పడ్డాయి.

“ఇది పాడైపోయిందండీ, ఊగిపోతోంది.”

“ఊగేది మీ చెయ్యమ్మా. దూరాన్ని ఎన్ని రెట్లు దగ్గర చేస్తుందో వణుకునీ అన్ని రెట్లు చేస్తుంది. మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి. మధ్యలో చక్రం మెల్లగా తిప్పండి.”

ఆమె ఆనించింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా బొమ్మ అదురుతూనే ఉంది. చక్రం తిప్పగా తిప్పగా క్యాబిన్ అద్దం తేటపడింది. అద్దం వెనకాల మనిషి. అతను గుబురు గడ్డం గోక్కున్నాడు.

ఆమె భర్తకి గడ్డం లేదు.

“వదినా,” అంది. దుకాణదారు వైపు చెయ్యి చాపింది. “ఆ పదిది ఇవ్వండి.”

పది రెట్లదానిలో మనిషి కొంచెం చిన్నగా కనిపించాడు గానీ బొమ్మ కాస్త నిలకడగా ఉంది. అనుమానమే లేదు. ఎవరో కుర్రవాడు, నల్లటి గడ్డం, బుగ్గ లోపల ఏదో నములుతున్నాడు.

“క్యాబిన్‌లో మీ తమ్ముడు లేడు. వేరే ఎవరో ఉన్నారు.”

వదిన దగ్గరికొచ్చింది. “ఇదా నీ పిట్ట! ఏదీ, ఇలా తే.” లాక్కుని చూసింది. “నిజమేనే. వీడెవడు? మావాడేడీ?”

ఆమె పన్నెండుదాన్ని మళ్లీ లాక్కుంది. ఒక ఇనుప కడ్డీ కనిపించింది. తర్వాత ఒక సిమెంటు స్తంభం. తర్వాత ఒట్టి ఆకాశం. ఎటు తిప్పినా ముక్క ముక్కే కనిపించింది. పడిపోయాడా, ఆసుపత్రిలో ఉన్నాడా, పొద్దున ఇంట్లోంచి బయల్దేరి అసలు ఇక్కడికి వచ్చాడా? అరచేతులకు చెమటలు పట్టి దుర్భిణి జారింది. దుకాణదారు చటుక్కున పట్టుకున్నాడు.

“దాంతో వెతకలేరమ్మా. ఎక్కడుందో తెలిసినదాన్ని చూడ్డానికే అది. వెతకాలంటే ఇది,” అని ఎనిమిదిదాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

తేలిగ్గా ఉంది. కళ్లకు పెట్టుకోగానే భవనం మొత్తం, కింద ఆవరణంతా ఒకేసారి ముందుకొచ్చింది. ఇసుక కుప్పలు, లారీ, ఇనుప చువ్వల కట్టలు, అటూ ఇటూ తిరుగుతున్న టోపీలు. ముఖాలు తెలియడం లేదు. ఆమె ఒక మూలనుంచి ఇంకో మూలకి మెల్లగా తిప్పింది. చువ్వల కట్ట పక్కన ఆకుపచ్చ కోటు వేసుకున్న మనిషి ఒకడు ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి క్రేన్‌కి సైగగా వేళ్లు తిప్పుతున్నాడు. కట్ట నేలమీంచి లేచింది.

అలా నడుం మీద చెయ్యి పెట్టుకునే మనిషి ఆమెకు లోకంలో ఒక్కడే తెలుసు.

“నేల మీదే ఉన్నాడు వదినా!” అంది. ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. “నేల మీద ఉండి... రోజూ పైన గాలి కొట్టిందంటాడా!”

“మీ పిట్ట దొరికిందామ్మా?” అన్నాడు దుకాణదారు. “ఏది తీసుకుంటారు మరి?”

“ఇప్పటికి మా తమ్ముణ్ణి తీసుకుంటాం,” అంది వదిన. “మిగతావి తర్వాత.”

వాళ్లు గేటు దగ్గరికి చేరేసరికి భోజనాల వేళయింది. అతను డబ్బా చేత్తో పట్టుకుని బయటికొచ్చి ఇద్దర్నీ చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు.

“ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను. ఎన్నాళ్లయింది కిందికి దిగి?”

“ఆ మెట్ల మీద పడ్డ మర్నాడే. నేనే మేనేజరుకి చెప్పి దిగాను. డాక్టరు దగ్గరికీ వెళ్లాను. లోపలి చెవిలో ఏదో తేడా అట, అందుకే కళ్లు తిరుగుతాయట.” తల దించుకున్నాడు. “నువ్వు భయపడతావని...”

“మీరు పైన ఉన్నారనే కదండీ భయపడి చచ్చాను! ఎవరో గడ్డం అబ్బాయి పైన గడ్డం గోక్కుంటుంటే ఇక్కడ నా ప్రాణాలు పోతున్నాయి! ఆ కుర్రాడికి వాళ్లమ్మ కూడా ఇంత బెంగ పెట్టుకుని ఉండదు.”

వదిన ఫక్కున నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది గానీ అంతలోనే ఆగిపోయింది.

“అది కాదే. కిందికి దిగానని నోటితో అంటే ఇంక నిజమైపోతుందనిపించింది. చెవి బాగవ్వొచ్చు, కాకపోవచ్చు అన్నాడు డాక్టరు. పైన ఉంటే లోకం చప్పుడు లేకుండా ఉంటుంది. ఇక్కడ పొద్దస్తమానం ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.”

అతను నేల మీద ఉన్నందుకు సంతోషించాలో, పైకి వెళ్లలేకపోతున్నందుకు బాధపడాలో ఆమెకు తేలలేదు.

“మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు డాక్టరు?”

“గురువారం.”

“నేనూ వస్తాను.”

“నువ్వెందుకు? పరదాలు...”

“పరదాలు ఎక్కడికీ పోవు. ఆయన చెప్పేది నా చెవులతో నేను వింటాను. మీ చెవుల సంగతి తెలిసిందిగా.”

అతను ఈసారి నిజంగానే నవ్వాడు. ముగ్గురూ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద సర్దుకుని కూర్చున్నారు. అతను డబ్బా మూత తీసి ముందు అక్క వైపు జరిపాడు.