మూత పడ్డాకే నోరు

పెన్సిల్వేనియాలో ఆ ఏటి ఒడ్డు ఊళ్లో రాగి నాణేలు పోగేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. నాణేన్ని అంచులు పట్టి ఎత్తాలి. ఎత్తాక నోరు విప్పకూడదు. తుంపర పడిందా, రాగి మీద నల్లమచ్చ లేస్తుంది, ఏడు జన్మలెత్తినా పోదు. ఆర్విల్ స్టాక్‌పోల్‌కు ఇది మెడకు ఉరితాడే. ఆయన అన్నం లేకపోయినా ఉండగలడు గాని కబుర్లు లేకుండా ఉండలేడు.

చూపు మందగించిన కిమ్మెల్ ముసలాయన తన ప్రూఫ్ అర సెంటును ఉత్తినే ఇచ్చేస్తానన్నాడు. టంకశాలవాళ్లు బజారుకు పంపకుండా, చూసి మురవడానికే అద్దంలా మెరుగుదిద్ది కొట్టిన నాణెం. దానికోసం ఆర్విల్ ఏళ్ల తరబడి గుటకలు మింగుతున్నాడు. శవపేటికలు చేసే వెండెల్ ప్రౌటీ కూడా అంతే. ఇద్దరూ కిమ్మెల్ ఇంట్లో వాలారు.

"నీ తుంపర్లకి నా రాగిని ఎలా అప్పగించనురా?" అన్నాడు కిమ్మెల్ ఆర్విల్‌తో, పొయ్యి మీద కాఫీ పెడుతూ. "కాఫీ కాగేదాకా పట్టుకు కూర్చో. పెదవి విప్పావో, నాణెం వెండెల్‌ది."

"అంతేనా పెద్దాయనా! మా తాత ఓసారి..."

"అప్పుడేనా!"

ఆర్విల్ నోరు బిగించి నాణెం అందుకున్నాడు. వెండెల్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"పెద్దాయనా, నా పడవని ఏటికి ఎదురు లాక్కుపోయిన వాలుగ చేప కథ చెప్పానా?"

ఆర్విల్ గుడ్లురిమి చూశాడు. ఆ కథ తనది! చెప్పి చెప్పి కన్నబిడ్డలా ఏటేటా పెంచుకొచ్చిన చేప!

"ఎంతుంటుందేమిటి?" అన్నాడు కిమ్మెల్.

"ఎంతనీ, మూరెడు."

నిరుడే గుర్రాన్ని మించిన చేప! ఆర్విల్ మొహం కందగడ్డయింది.

"ఎరేం వేశావు?"

"వానపాము."

తను నిండు పంది తొడ గుచ్చితే, వీడు వానపామంటాడా! ఆర్విల్ కళ్లనీళ్లు తిరుగుతుండగా నాణేన్ని పెట్టెలో దూది మీద పడుకోబెట్టి, మూత వేసి, వసారాలోకి ఉరికాడు.

"దొంగ సచ్చినోడా! దాని మీసమే మూరెడురా!"

పక్కింటి కోళ్లు కంచె దాటాయి.

"ఓడాడు! కాఫీ ఇంకా కాగనేలేదు!" అని వెండెల్ చప్పట్లు కొట్టాడు.

"ఉండవోయ్. అంత కోపంలోనూ మూత వేసి మరీ తిట్టాడు. నాకింకేం కావాలి?" అంటూ కిమ్మెల్ పెట్టెను తెచ్చి ఆర్విల్ చేతిలో పెట్టాడు.

ఆర్విల్ దాన్ని జేబులో దోపుకుని, లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఇప్పుడు అసలు సంగతి వినండి."

కథ చేప మొప్పల దాకా వచ్చేసరికి వెండెల్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తోక దగ్గరికి వచ్చేసరికి కిమ్మెల్ గురక పెడుతున్నాడు, పొయ్యి మీద కాఫీ మాడిపోయింది.